వెనిలాకి వంకలు

ఆ రోజు కొట్టుకి వచ్చిన ఒక పెద్దమనిషి, ఊరంతా మెచ్చుకుంటున్న ఏదో హోటల్ కేకు ఒక ముక్క డబ్బాలో పెట్టుకొచ్చి పెద్దావిడ ముందు పెట్టాడు. ఆవిడ దాన్ని వేలితో ఒకసారి పొడిచింది. ముక్కు దాకా తీసుకెళ్ళి దించేసింది.

"దీన్ని కేకన్నవాడెవడు? ముందు వాణ్ణి తీసుకురండి. మా గిన్నెలు తోమే పీచు దీనికన్నా మెత్తగా ఉంటుంది."

పెద్దమనిషి పొట్ట పట్టుకుని నవ్వి, రెండు కేకులు కొనుక్కుని మరీ వెళ్ళాడు. ఆ కొట్టుకి కేకుల కోసం ఎంతమంది వచ్చేవారో, ఆవిడ తిట్లు వినడానికి ఇంచుమించు అంతమందీ వచ్చేవారు.

బస్టాపు ఎదురుగా, వీధి మలుపులో ఉండేది ఆ కొట్టు. ముందు గదిలో అద్దాల బీరువా, గోడవారగా నాలుగు కుర్చీలు. వెనక గదిలో రెండు ఓవెన్లు, పిండి కలిపే యంత్రం, పాలరాతి పలక వేసిన పొడుగాటి బల్ల. ఆ బల్ల చివర ఎత్తు పీట మీద, తెల్ల కోటు తొడుక్కుని, జుట్టంతా గుడ్డలోకి దోపుకుని పెద్దావిడ కూర్చునేది. కొడుకు ముందు గదిలో అమ్మకం చూసుకునేవాడు. తల్లి ఒకటంటే ఔననేవాడు, భార్య ఇంకొకటంటే దానికీ ఔననేవాడు. కోడలు, గుండు అనే ఓవెన్ మనిషి వెనక గదిలో పనిచేసేవారు. గుండుకి తల మీద వెంట్రుక లేకపోయినా పనిలో వంక లేదు. అందుకని ఆవిడ అతని తలకే వంక పెట్టేది.

ఆవిడ నోరు ఊరికే పదునెక్కలేదు. వెనక ముక్కు ఉంది. వీధి తలుపు తీసీ తీయకముందే, "రెండో ఓవెన్‌లో కింది ట్రే లాగెయ్, అంచు మాడుతోంది" అని కేక వేసేది. వెన్న ముద్ద వాసన చూసి, "ఇది ఉల్లిపాయల పక్కన పడుకుని వచ్చింది" అని తిప్పి పంపేది. వెనిలా సంగతి ఇక చెప్పక్కర్లేదు. కాయ చీల్చకుండానే, అది తీగ మీద పండిందో, తొందరపడి కోసిందో చెప్పేది. అన్నేళ్ళు అంత ముక్కు ఉన్న మనిషి ఎదుటివాళ్ళని చులకన చేస్తే ఎవరేమంటారు?

కిందటి చలికాలం ఆవిడకి జ్వరం వచ్చింది. నాలుగు రోజులు మంచాన పడేసి, తన దారిన తాను పోయింది. పోతూ పోతూ ముక్కులో ఉన్నదంతా మూటగట్టుకుని పోయింది.

లేచి కాఫీ తాగితే వేడినీళ్ళు తాగినట్టుంది. కాఫీ పెట్టడం కూడా రాదని కోడల్ని తిట్టి, తనే పెట్టుకుంది. అదీ వేడినీళ్ళే. సబ్బు తీసి చూసింది. బట్టల బీరువా తెరిచి చూసింది. చివరికి కొట్టుకి వెళ్ళి, వెనిలా కాయల సీసా మూత తీసి, ముక్కు మొత్తం లోపలికి పెట్టేసింది. గాజు చల్లగా తగిలింది. అంతకు మించి ఏమీ లేదు. కాసేపు అలాగే ఉండిపోయి, ఎవరో వస్తున్న అలికిడి వినపడగానే మూత పెట్టేసింది.

డాక్టరు చూసి, "కొందరికి తిరిగొస్తుందండీ, కొందరికి రాదు" అన్నాడు.

"ఈ ముక్క చెప్పడానికి అంత చదువు చదివావా?" అంది ఆవిడ. "మా వాడికి గనక చెప్పావంటే ఊరుకోను."

మొదట్లో భయంతో ప్రాణం పోయినంత పనైంది. ఎవరు ఏది తెచ్చి పెట్టినా పని ఉన్నట్టు లేచిపోయేది. తర్వాత మెల్లగా ఒక సంగతి కనిపెట్టింది. దేన్నయినా మెచ్చుకుంటే, ఏం నచ్చిందని ఎదురు అడుగుతారు. "ఛీ" అంటే ఎవరూ ఏమీ అడగరు. తలొంచుకుని తీసుకుపోతారు. అంతవరకు వంద వస్తువులు చూసి తొంభైకి వంక పెట్టే మనిషి, ఆ రోజు నుంచి వందకీ వంక పెట్టడం మొదలుపెట్టింది. తేడా ఎవరికీ తెలియలేదు. "అమ్మగారికి జ్వరం తగ్గాక నోరు ఇంకా బాగుపడింది" అనుకున్నారు.

అందులో ఎక్కువ దెబ్బలు తిన్నది కోడలు. పెళ్ళికి ముందు ఆ అమ్మాయి కళ్ళజోళ్ళ కొట్టులో పనిచేసేది. జనాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కంటి ముందు అద్దాలు మార్చి మార్చి, "మొదటిదా, రెండోదా? ఇప్పుడు? ఇప్పుడు?" అని అడిగే పని. ఆ అలవాటు కేకుల్లోకి కూడా తెచ్చింది. ఏది చేసినా రెండు రకాలు చేసి, పక్కపక్కన పెట్టి, "ఏది బాగుంది అత్తయ్యా?" అనేది.

"రెండూ బాగాలేవు. కళ్ళజోడు పెట్టుకుని చూసినా బాగుండవు," అనేది ఆవిడ.

ఒకసారి నిమ్మతొక్క తురిమి వేసి కేకు చేసింది కోడలు. ముందు గది నిండా జనం ఉన్నారు. ముక్క కోసి అందరి ఎదుటా అత్తగారికి ఇచ్చి, "నిమ్మ సరిపోయిందా, ఇంకాస్త పడాలా?" అని అడిగింది. అడిగిన తీరులో తప్పేమీ లేదు. కానీ ఆవిడకి కుడితిలో పడ్డ ఎలుక చందం అయింది. సరిపోయిందనాలా, ఎక్కువైందనాలా? చూసేవాళ్ళ కళ్ళన్నీ తన మీదే ఉన్నాయి.

"ఛీ! గచ్చు కడిగిన నీళ్ళ వాసన!" అని ఆ కేకు మొత్తం తీసుకెళ్ళి చెత్తబుట్టలో కుమ్మరించింది.

జనం నవ్వారు. కోడలు నవ్వలేదు. కత్తి కడిగి, తుడిచి, దాని చోట పెట్టి, వెనక గదిలోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి, వాళ్ళకి ఏళ్ళ తరబడి వెనిలా కాయలు పంపే ముసలాయన వ్యాపారం మానుకున్నాడు. అతని బదులు ఒక కొత్త సరుకులాయన వచ్చాడు. మెడకి రంగు గుడ్డ, చేతిలో నున్నటి పెట్టె, పెదాల మీద చెరగని నవ్వు. పెట్టె తెరిచి ఒక్కొక్కటీ బల్ల మీద పేర్చాడు. మడగాస్కర్ కాయలు సన్నగా, పొడుగ్గా, నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. తాహితీ కాయలు పొట్టిగా బొద్దుగా ఉన్నాయి. మెక్సికో కాయల్ని ఆల్కహాల్‌లో నానబెట్టి తీసిన గోధుమరంగు రసం ఒక సీసాలో ఉంది. గింజలతో సహా నూరిన ముద్ద ఒక డబ్బాలో ఉంది. చివర్న కొంచెం సిగ్గుపడుతూ ఒక చిన్న సీసా పెట్టాడు. అది అసలు కాయ మొహమే చూడని, ఫ్యాక్టరీలో తయారైన ఎసెన్సు.

"ఇది నా బల్ల మీద పెట్టావేం? తుడిచేవాళ్ళెవరు?" అంది పెద్దావిడ ఆ సీసాని చూసి.

"అన్నీ చూపించడం నా ధర్మం కదమ్మగారూ!"

కోడలు కళ్ళు మెరిశాయి. "అన్నీ చేసి చూద్దాం అత్తయ్యా. అవే పాలు, అవే గుడ్లు, అదే పంచదార. వెనిలా ఒక్కటే మారుద్దాం. కస్టర్డ్ చేసి పక్కపక్కన పెడదాం. ఏది దేనికి పనికొస్తుందో మీరు చెప్పండి. మీకన్నా ఎవరికి తెలుస్తుంది?"

"మీ ముక్కు గురించి చాలా విన్నానమ్మగారూ," అన్నాడు సరుకులాయన. "రేపు నేనూ వస్తాను. కళ్ళారా చూడాలి."

"ముక్కుని కళ్ళారా చూస్తావా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది," అంది ఆవిడ. కానీ వద్దనడానికి దారి దొరకలేదు. కొడుకు అప్పటికే ఔనన్నాడు.

మర్నాడు ఆవిడ అందరికంటే ముందే కొట్టుకి వచ్చింది. కోడలు రాత్రే చేసి ఫ్రిజ్‌లో పెట్టిన కస్టర్డ్ గిన్నెలు బయటికి తీసి, కిటికీ వెలుగులో ఒక్కొక్కటీ వంచి చూసింది. కళ్ళజోళ్ళమ్మాయి గిన్నెల అడుగున రంగు కాగితాలు అంటించింది గానీ, కళ్ళున్నవాళ్ళకి అవి అక్కర్లేదు. నల్లటి సన్న గింజలు పొడి చల్లినట్టు దట్టంగా ఉన్నది మడగాస్కర్. అక్కడొకటి ఇక్కడొకటి ఉన్నది తాహితీ, ఆ కాయలో గింజలు తక్కువ. గింజలు గుంపులు కట్టి అడుగున పేరుకున్నది ముద్ద. గింజలే లేకుండా రంగు కాస్త మట్టిగా ఉన్నది రసం. గింజా రంగూ లేకుండా, బొట్టు లేని మొహంలా బోసిగా ఉన్నది ఎసెన్సు. ఆవిడకి నవ్వొచ్చింది. ఈ మాత్రం పరీక్షకా రాత్రి నిద్ర పాడుచేసుకుంది!

అందరూ చేరారు. కొడుకు ముందు గది తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. గుండు కూడా, చాక్లెట్ కోసం పొయ్యి మీద పెట్టిన పాలని వదిలేసి, తమాషా చూడటానికి బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పొయ్యి ఆవిడ వీపు వెనక ఉంది.

కోడలు మొదటి గిన్నె అందించింది. ఆవిడ చెంచాతో కాస్త తీసి, ముక్కు కింద తిప్పి, నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. తీపి, చల్లదనం, నున్నదనం తెలిశాయి. మిగతాది జ్ఞాపకంలోంచి తోడుకుంది.

"మడగాస్కర్. వెన్నలా, మీగడలా, ఎవరినీ నొప్పించకుండా మాట్లాడే మనిషి. మా వాడిలాగా. నలుగురిలో కూర్చోబెట్టడానికి పనికొస్తుంది. దీని నోట్లోంచి కొత్త మాట మాత్రం ఒక్కటీ రాదు."

కొడుకు దానికీ ఔనన్నట్టు తలాడించాడు. సరుకులాయన గిన్నె అడుగు చూసి నోరెళ్ళబెట్టాడు.

"ఇది తాహితీ. సోకులరాయుడు. పువ్వులు, పళ్ళు, అత్తరు, అన్నీ ఒంటి నిండా పూసుకుని వస్తాడు. ఓవెన్ వేడి తగిలిందా, ఒక్కటీ మిగలదు. పని చూస్తే పారిపోయేవాణ్ణి పనిలో పెట్టుకుంటామా? చల్లటి క్రీముల్లో వేసుకుని ఊరేగించుకోవాలి, అంతే."

"అద్భుతం!" అన్నాడు సరుకులాయన.

"నువ్వు మాట్లాడకు, రుచి పాడవుతుంది. ఇది మెక్సికో రసం. చివర లవంగం నమిలినట్టు కాస్త ఘాటు తగులుతుంది. చాక్లెట్ పక్కన పెడితే దానికి దీటుగా నిలబడుతుంది. ఒంటరిగా పాలల్లో వేస్తే, ఎవరితోనో పోట్లాడి అలిగొచ్చి కూర్చున్నట్టుంటుంది. ఇక ఇదేమో ముద్ద. కాయ చీల్చి గింజ గీకే ఓపిక లేని బద్ధకస్తుల కోసం పుట్టింది."

వరసగా అన్నీ సరిగ్గా పడేసరికి ఆవిడకి ఒళ్ళు తెలియలేదు. చాలా రోజుల తర్వాత మళ్ళీ తన సింహాసనం మీద తాను కూర్చున్నట్టుంది. ఎసెన్సు గిన్నె చేతిలోకి తీసుకుని, తినకుండానే పైకెత్తి చూపించింది.

"ఇదిగో, ఈ దరిద్రం ఉంది చూశారూ, దీన్ని వాసన చూడటానికి నా ముక్కుకి ఖర్మ పట్టలేదు. అసలు పాలకీ వెనిలాకీ పొత్తు ఎలా ఉండాలో మీకు ఎవరికీ తెలియదు. ముందు పాల కమ్మదనం ముక్కుకి తగలాలి. స్వచ్ఛంగా, అప్పుడే పితికినంత తాజాగా. దాని వెనకాల, తలుపు చాటు నుంచి తొంగి చూసినట్టు వెనిలా రావాలి..."

గుండు ముక్కు ముడిచాడు. కొడుకు అటూ ఇటూ చూశాడు. సరుకులాయన మెడ గుడ్డ తీసి మూతికి అడ్డం పెట్టుకున్నాడు. పొయ్యి మీద పాలు అడుగంటాయి. మాడు వాసన గదంతా నిండింది.

"...ఇప్పుడు ఈ గదిలో వస్తున్న పాల వాసనే తీసుకోండి," అంది పెద్దావిడ గట్టిగా ఊపిరి పీల్చి. "ఎంత శుభ్రంగా ఉంది! పాలంటే అలా ఉండాలి."

అప్పుడు గిన్నె లోంచి సన్నటి పొగ ఆవిడ భుజం మీదుగా ముందుకి వచ్చింది. గుండు ఒక్క గెంతు గెంతి పొయ్యి ఆర్పేశాడు. ఆవిడ వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ ఇటు తిరిగింది. ముందు కనపడింది కోడలి మొహం.

ఆ చూపు ఆవిడ అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. కళ్ళజోళ్ళ కొట్టుకి ఒకోసారి చూపు పోయిన డ్రైవర్లు వస్తారు. ఉద్యోగం ఊడుతుందన్న భయంతో గోడ మీద అక్షరాలు ముందే బట్టీ పట్టి, కుర్చీలో కూర్చుని గడగడా అప్పజెబుతారు. అలాంటివాళ్ళని చూసినట్టు చూస్తోంది ఆ అమ్మాయి. అందులో జాలి ఉందో, అసహ్యం ఉందో ఆవిడకి అర్థం కాలేదు. రెండిట్లో ఏదైనా ఆవిడకి అక్కర్లేదు.

"నిలబడి చూస్తారేం? గిన్నె తోమండి!" అని అరిచి, కోటు విప్పి విసిరేసి ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడు కొట్టుకి సెలవు. పొద్దున్నే కోడలు ఆవిడ గదిలోకి వచ్చి, మంచం పక్క బల్ల మీద రెండు గిన్నెలు పెట్టింది.

"గుడ్డలో వడకట్టాను. గింజలు లేవు," అంది. "మొదటిదా, రెండోదా?"

"పొద్దున్నే ఏంటే ఈ గోల?"

"ఒకదాంట్లో వెనిలా ఉంది. ఒకదాంట్లో ఏమీ లేదు. ఏది ఏదో చెప్పండి అత్తయ్యా."

ఆవిడ గిన్నెల వైపు చూడలేదు. కిటికీ వైపు తిరిగింది. తేలు కుట్టిన దొంగలా ఎంతసేపని కూర్చుంటుంది?

"రెండూ బాగాలేవు," అంది చివరికి. గొంతులో ఎప్పటి బలం లేదు.

"ఎప్పటినుంచి?"

"జ్వరం వచ్చినప్పటినుంచి."

కోడలు కుర్చీ లాక్కుని కూర్చుంది. అరుస్తుందనుకుంది పెద్దావిడ. ఆ అమ్మాయి అరవలేదు. మెల్లగా, ఒక్కొక్క మాటా తూకం వేసినట్టు మాట్లాడింది.

"ఇన్నాళ్ళూ నేను చేసిన ప్రతిదాన్నీ ఛీ అన్నారు. నాకు చేతకాదనుకున్నాను. మళ్ళీ మళ్ళీ చేశాను. నిమ్మకేకు చెత్తబుట్టలో వేసిన రోజు, ఈ పని మానేసి కళ్ళజోళ్ళ కొట్టుకి తిరిగి పోదామనుకున్నాను. వాళ్ళని అడిగాను కూడా. గచ్చు కడిగిన నీళ్ళ వాసన అన్నారు. మీకు గచ్చు కడిగిన నీళ్ళ వాసనా తెలీదు, నిమ్మ వాసనా తెలీదు. సిగ్గుగా లేదా అత్తయ్యా మీకు?"

అత్తగారిని ఆ మాట అడిగినవాళ్ళు అంతవరకు లేరు. ఆవిడ ఒడిలో చేతులు చూసుకుంది.

"ఉంది," అంది.

ఆవిడే మళ్ళీ గొంతు సవరించుకుంది. "ఆ నిమ్మకేకు... నువ్వు వాసన చూశావా?"

"చూశాను."

"ఎలా ఉంది?"

"బాగుంది."

"బాగుందంటే?"

"అంటే... తియ్యటి వాసన."

పెద్దావిడ చివ్వున తలెత్తింది. "వాసనకి తీపేంటే? తీపి నాలిక్కి. ముక్కుకి తీపి, పులుపు ఉంటాయా? ఇంత ముక్కు పెట్టుకుని చెప్పడానికి ఒక్క మాట లేదు నీ దగ్గర! నిమ్మ అంటే ఏ నిమ్మ? చెట్టు మీది కాయా, ఆకు నలిపితే వచ్చేదా, తొక్క గిల్లితే కంట్లో చిమ్ముతుందే, అదా?"

కోడలికి కోపం ముంచుకొచ్చింది. కానీ కళ్ళు మూసుకుని ఆలోచించింది. "తొక్క గిల్లినప్పటిది. వెనకాల కాస్త వేడి వెన్న."

"ఆఁ. అలా ఏడు," అంది పెద్దావిడ. కాసేపాగి, "అది మంచి కేకే. చాలా మంచి కేకు. అనవసరంగా తగలేశాను," అని కిటికీకేసి తిరిగి చెప్పింది.

కోడలు క్షమించాననలేదు. గిన్నెలు తీసుకుని లేచి, గుమ్మం దగ్గర ఆగింది. "ఆ వెనిలాలు ఇంకా మిగిలి ఉన్నాయి. వస్తారా?"

మూసిన కొట్టులో అత్తాకోడళ్ళిద్దరే కూర్చున్నారు. మొత్తం మళ్ళీ మొదటినుంచి చేశారు. ఈసారి వాసన చూసేది కోడలు, నిలదీసేది అత్త. "పువ్వులంటే ఏ పువ్వులు? వాడినవా, పూసినవా?" "ఘాటంటే మిరియమా, లవంగమా? నోట్లోనా, గొంతులోనా?" ప్రతి మాటకీ ఒక చీవాటు పెట్టేది. కోడలు పళ్ళు కొరుక్కుని మళ్ళీ వాసన చూసి, ఇంకాస్త దగ్గరి మాట వెతికేది. ఆ మాట సరిగ్గా పడ్డప్పుడల్లా ముసలావిడ ముక్కుపుటాలు కదిలేవి. పోయిన వాసన ఆ మాట పట్టుకుని ఒక్క క్షణం తిరిగొచ్చినట్టయ్యేది.

కస్టర్డ్‌కీ ఐస్‌క్రీముకీ మడగాస్కరే అని తేలింది. తాహితీ, పొయ్యి మొహం చూడని క్రీముల్లోనే బతికింది. రసాన్ని చాక్లెట్‌కి కేటాయించారు. ముద్దని ఆవిడ ఎంత ఈసడించినా, కస్టర్డ్‌లో అది కాయకి మరీ అంత దూరంలో లేదంది కోడలు. తొందర పని ఉన్న రోజులకి ఉంచుదామంది. అంతవరకు పేచీ లేదు. పేచీ బిస్కెట్ల దగ్గర వచ్చింది.

కాయ వేసినవి ఒక ట్రే, ఎసెన్సు వేసినవి ఒక ట్రే కాల్చారు. కోడలు వాసన చూసింది, తిన్నది, మళ్ళీ చూసింది.

"తేడా లేదు అత్తయ్యా."

"నోరు కడుక్కుని మళ్ళీ తిను."

తిన్నది. "లేదు. ఆ వేడికి కాయలో ఉన్న సన్నటి వాసనలన్నీ పోయినట్టున్నాయి. మిగిలింది రెండిట్లోనూ ఒకటే."

"నీ ముక్కుకి కూడా జ్వరం వచ్చినట్టుంది!"

"కావాలంటే గుండుని పిలవండి."

"వాడికి తల మీదే ఏమీ లేదు, ముక్కులో ఏముంటుంది?" అంది గానీ, ఆవిడ మొహం పాలిపోయింది. పెళ్ళయిన కొత్తలో కొట్టు పెట్టినప్పటినుంచి బిస్కెట్లలో కాయలే గీకి పోసింది. ఎసెన్సు వాడేవాళ్ళందరినీ దొంగలతో సమానంగా చూసింది. ఇప్పుడు నిజం తెలుసుకోవడానికి తన ముక్కు లేదు, ఉన్న ముక్కేమో అబద్ధం చెప్పడం లేదు. చాలాసేపు ఆ రెండు ట్రేల వైపు చూస్తూ కూర్చుంది.

"సరే, తెప్పించు ఆ ఫ్యాక్టరీ నీళ్ళు," అంది చివరికి. "బిస్కెట్ తినేవాడికి వెనిలా ఎందుకు? నమలడానికి పళ్ళుంటే చాలు."

అక్కడితో ఆ కథ నాలుగు గోడల మధ్యే ఉండిపోవలసింది. కానీ సరుకులాయన నోరు ఊరుకునే నోరు కాదు. అతను నాలుగు కేకుల కొట్లు తిరిగే మనిషి. మాడిన పాలని మెచ్చుకున్న ముక్కు గురించి ప్రతి కొట్టులోనూ అభినయించి మరీ చెప్పాడు.

ఆ వీధి రెండో చివర ఇంకొక కేకుల కొట్టు ఉంది. దాని యజమాని పొట్టిగా, గుండ్రంగా, ఎప్పుడూ ఎర్రటి మొహంతో ఉండేవాడు. పెద్దావిడ అతనికి బన్ను అని పేరు పెట్టింది. ఆ పేరు ఎంత గట్టిగా అతుక్కుందంటే, అతని సొంత మావగారు కూడా అలాగే పిలిచేవాడు. ఆ బన్ను ఒక సాయంత్రం, కొట్టు నిండా జనం ఉన్న వేళ చూసుకుని, పళ్ళెంలో ఒక కేకు పెట్టుకుని వచ్చాడు. వెనక అతని మనుషులు ఇద్దరు ఉన్నారు, నవ్వడానికి.

"అమ్మగారూ, తమరి అభిప్రాయం కావాలి," అన్నాడు అందరికీ వినపడేలా. "ఇందులో ఏ వెనిలా వేశానో చెప్పాలి. తమరి ముక్కుకి ఇదేం లెక్క?"

కొడుకు తలొంచుకున్నాడు. కోడలు వెనక గదిలోంచి వచ్చి అత్తగారి పక్కన నిలబడింది. పెద్దావిడ కేకు వైపు చూసింది, బన్ను వైపు చూసింది, వెనక నిలబడ్డ ఇద్దరి వైపు కూడా చూసింది.

"నాకు వాసన తెలియదయ్యా," అంది. "జ్వరంలో పోయింది. ఈ మాట ఊరంతా తిప్పి తెచ్చి నా చేత చెప్పించడానికి నీకు ఇన్ని రోజులు పట్టింది. పనిలో కూడా నీది ఇదే వరస. ఓవెన్ వేడెక్కే లోపల కస్టమరు ఇంటికెళ్ళి వండుకుని తినేస్తాడు."

జనం గొల్లుమన్నారు. బన్ను మొహం ఇంకా ఎర్రబడింది. అతను దీనికి సిద్ధపడి రాలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆవిడ ఏదో సాకు చెబుతుందనీ, అప్పుడు పట్టుకోవచ్చనీ అనుకున్నాడు.

"మా కొట్టుకి ఇప్పుడు ముక్కు ఇదిగో," అని పెద్దావిడ కోడలి భుజం మీద తట్టింది. "చూడవే. చూసి ఉన్నదున్నట్టు చెప్పు."

కోడలు కేకు కోసి, ఒక ముక్క తుంచి ముక్కు దగ్గర పెట్టుకుంది. తుంచినదాన్ని ఇంకో రెండు ముక్కలు చేసి నలిపి చూసింది. తిన్నది. పెద్దావిడ ఆ మొహాన్నే చూస్తోంది. తిట్టడానికి మాటలు నోట్లో సిద్ధంగా పెట్టుకుంది.

"కాయే వేశారు," అంది కోడలు. "మడగాస్కర్. వెన్నని ముందు కాస్త ఎర్రగా కాచి, అందులో నానబెట్టినట్టున్నారు. అందుకే వేడికి పోకుండా నిలిచింది. చెక్కపెట్టె తెరిచినట్టు మొదలై, చివరికి వేయించిన బాదం దగ్గర ఆగుతోంది." ఒక్క క్షణం ఆగి, "మన కేకు కన్నా బాగుంది అత్తయ్యా" అంది.

బన్ను వెనక నిలబడ్డ ఇద్దరూ ఎప్పుడు నవ్వాలో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తిట్లు తినడానికీ, తిరిగి వాయించడానికీ వచ్చిన మనిషి, పళ్ళెం పట్టుకుని చేతులు ఏం చేసుకోవాలో తెలియక నిలబడ్డాడు. కళ్ళు చెమ్మగిల్లాయని ఎవరో తర్వాత చెప్పారు గానీ, అది అతిశయోక్తి కావచ్చు.

పెద్దావిడ సిద్ధం చేసుకున్న తిట్లు మింగేసింది. "ఇంత బాగా చెయ్యడం వచ్చినవాడివి, ఇన్నేళ్ళూ ఎందుకు చేసి చావలేదయ్యా?"

"ఎప్పుడూ ఇలాగే చేస్తున్నానమ్మగారూ," అన్నాడు బన్ను నెమ్మదిగా. "కొట్టు పెట్టినప్పటినుంచి ఇదే పద్ధతి. తమరే ఎన్నడూ తినలేదు."

అది నిజం. ముక్కు ఉన్న రోజుల్లో కూడా అతని కొట్టు గుమ్మం తొక్కింది లేదు, అతని కేకు ముక్క నోట పెట్టింది లేదు. రుచి చూడకుండానే, బయటినుంచి కొట్టు అద్దంలోంచి వాలకం చూసి వంక పెట్టేసింది. జ్వరం మీదికి తోసేయడానికి వీల్లేని సంగతి అది. ఆవిడ చెయ్యి చాచి, పళ్ళెం అతని చేతుల్లోంచి తీసుకుని, బల్ల మీద పెట్టింది.

"ఖాళీ పళ్ళెం రేపు పంపిస్తాం," అంది.

బన్ను వెళ్ళిపోయాడు. కొడుకు తలుపు దాకా వెళ్ళి సాగనంపి వచ్చాడు. జనం తగ్గాక అత్తాకోడళ్ళు ఆ కేకు వెనక గదిలోకి తీసుకెళ్ళి, పాలరాతి బల్లకి చెరోపక్కా నిలబడి తినడం మొదలుపెట్టారు. పెద్దావిడ నెమ్మదిగా నమిలింది. మెత్తదనం తెలిసింది, తీపి తెలిసింది. మిగతాది కోడలు చెబుతుంటే, మధ్యలో అడ్డుపడి సరిచేస్తూ వింది.

కాసేపటికి ఆవిడ మిగిలిన కేకుని చుట్టూ తిప్పి, అంచు మీద వేలు పెట్టింది.

"ఇదిగో, ఇక్కడ చూడు. అడుగు అంటుకుని ఊడింది. డబ్బాకి వెన్న సరిగ్గా రాయలేదు వెధవ."

కోడలు వంగి చూసింది.

"అవును, రాయలేదు," అని ఇంకో ముక్క కోసుకుంది.